అణువిద్యుత్ కేంద్రం దగ్గర్లో ఇల్లు: రేడియేషన్ భయం దేనికి పడాలి, దేనికి అక్కర్లేదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: అణువిద్యుత్ కేంద్రానికి 8 కిలోమీటర్ల దూరంలో ఇల్లు తీసుకోవాలనుకుంటున్నారు. ఇంట్లో రెండేళ్ల పాప, ఒక గర్భిణి ఉన్నారు. రోజూ రేడియేషన్ తగులుతుందా, పిల్లలకు క్యాన్సర్ వస్తుందా, ప్రమాదం జరిగితే వెంటనే పారిపోవాలా, అయోడిన్ బిళ్లలు ఎప్పుడు వేసుకోవాలి, రేడియేషన్ కొలిచే గీగర్ కౌంటర్ కొనడం దండగా?

ముందు రోజువారీ సంగతి. సవ్యంగా నడుస్తున్న రియాక్టర్‌లోంచి గామా కిరణాలు నేరుగా మీ ఇంటిదాకా రావు. ఇంధనం చుట్టూ మందపాటి ఉక్కు పాత్ర, దాని బయట మీటరు, అంతకన్నా ఎక్కువ మందాన కాంక్రీటు ఉంటాయి. వాటిని దాటిన కాస్తా మధ్యలో ఉన్న గాలిలోనే అణిగిపోతుంది. బయటికి వచ్చేవి వేరు: కొలిచి, పరిమితికి లోబడి గొట్టంలోంచి గాలిలోకి, కాలువలోంచి నీళ్లలోకి వదిలే కొద్దిపాటి పదార్థాలు. వాటిలో ముఖ్యమైనవి క్రిప్టాన్, జెనాన్ లాంటి జడవాయువులు, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్), కార్బన్-14. పెద్ద పెద్ద కూలింగ్ టవర్ల నుంచి లేచే తెల్లటి మబ్బు చూసి చాలామంది బెదిరిపోతారు. అది వట్టి నీటి ఆవిరి.

ఇప్పుడు లెక్క చూడండి. నేల, ఆకాశం, తినే తిండి, పీల్చే రేడాన్ వాయువు వీటన్నిటి వల్ల ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌ల డోసు తగులుతుంది (శరీరానికి తగిలే రేడియేషన్‌ను డోసు అంటారు, దాన్ని కొలిచే కొలమానం మిల్లీసీవర్ట్). అందులో సగం దాకా రేడాన్‌దే. ఈ సహజ డోసు మీద కేంద్రాల వల్ల సామాన్య జనానికి అదనంగా తగలదగినది ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ మించకూడదని అంతర్జాతీయ పరిమితి. ఆచరణలో మామూలుగా నడిచే కేంద్రం పక్కన ఉండేవాళ్లకు తగిలేది 0.01 మిల్లీసీవర్ట్ చుట్టుపక్కల, చాలాచోట్ల అంతకన్నా తక్కువ. ఒక్కసారి కడుపు సీటీ స్కాన్ తీయించుకుంటే సుమారు 10 మిల్లీసీవర్ట్‌లు. అంటే ఆ స్కాన్ ఒక్కటే వెయ్యేళ్లు కేంద్రం పక్కన కాపురం ఉన్నదానికి సమానం.

ఇక్కడితో ఆపేస్తే నిజాయితీ కాదు, ఎందుకంటే ఇబ్బందికరమైన అధ్యయనం ఒకటుంది. జర్మనీలో 16 అణువిద్యుత్ కేంద్రాల చుట్టూ 1980 నుంచి 2003 వరకు చిన్నపిల్లల క్యాన్సర్ కేసుల్ని పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. 5 కిలోమీటర్లలోపు ఉన్న ఐదేళ్లలోపు పిల్లల్లో లుకేమియా (రక్త క్యాన్సర్) కేసులు 37 తేలాయి. మామూలు లెక్కన రావలసినవి సుమారు 17. అయితే ఆ కేంద్రాలు వదిలిన రేడియేషన్ ఆ పెరుగుదలకు కారణం కావాలంటే ఉన్నదానికి వెయ్యి రెట్లు ఉండాలి. బ్రిటన్‌లో 2011లో అదే ప్రశ్నను పరిశీలించిన నిపుణుల సంఘానికి అలాంటి గట్టి సంబంధం కనిపించలేదు. జర్మనీలో దొరికిన సంఖ్య నిజమే, దానికి కారణం రేడియేషనే అనడానికి మాత్రం డోసులు సరిపోవు. మీ ఇల్లు 8 కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి ఆ 5 కిలోమీటర్ల వలయం బయటే పడుతుంది. అలాగని చిన్న డోసులు పూర్తిగా నిరపాయం అని కూడా నేను చెప్పను. ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాల్లో మూడు లక్షలకు పైగా అణు కార్మికుల్ని దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనం 2023లో వచ్చింది. డోసు పెరిగేకొద్దీ క్యాన్సర్ మరణాలు కొద్దికొద్దిగా పెరగడం అందులో తేలింది. రక్షణ లెక్కల్లో 1000 మిల్లీసీవర్ట్‌లకు 5 శాతం అదనపు ముప్పు అని పట్టుకుంటారు. ఆ నిష్పత్తిలో 0.01 మిల్లీసీవర్ట్‌కు వచ్చే ముప్పు ఇరవై లక్షల్లో ఒకటి.

కాబట్టి భయపడాల్సిన సందర్భం ప్రమాదం ఒక్కటే. అది ఎందుకు జరుగుతుందో అర్థమైతే ఏం చేయాలో దానంతటదే తెలుస్తుంది.

రియాక్టర్‌ను ఆపడం సులువే, రెండు మూడు సెకన్లలో ఆగుతుంది. చల్లార్చడమే కష్టం. 1000 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టర్‌లో పుట్టే వేడి సుమారు 3000 మెగావాట్లు. ఆపిన క్షణంలో కూడా ఇంధనంలో పేరుకున్న రేడియోధార్మిక పదార్థాలు క్షీణిస్తూ అందులో 6, 7 శాతం, అంటే 200 మెగావాట్ల వేడి పుట్టిస్తూనే ఉంటాయి. గంట గడిచాక ఒకటిన్నర శాతం. ఒక రోజు తర్వాత అర శాతం, అంటే 15 మెగావాట్లు. వినడానికి తక్కువే, కానీ రోజుకు 500 టన్నుల నీళ్లను ఆవిరి చేసేయడానికి అది చాలు. ఆ నీళ్లు పోయడానికి పంపు ఆడాలి, పంపుకు కరెంటు కావాలి. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు సవ్యంగానే ఆగాయి. తర్వాత వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లనీ స్విచ్‌బోర్డులనీ ముంచింది. నీళ్లు తగ్గి ఇంధనపు గొట్టాలు నీటి పైన బయటపడ్డాయి. ఆ గొట్టాలు చేసిన జిర్కోనియం అనే లోహం 1200 డిగ్రీలు దాటితే ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ పుట్టిస్తుంది. భవనాల కప్పుల్ని ఎగరగొట్టింది ఆ హైడ్రోజనే.

1979 మార్చి 28న అమెరికాలోని త్రీమైల్ ఐలాండ్‌లో ఒక వాల్వు తెరుచుకుని మూసుకోలేదు. పరికరాల్ని తప్పుగా అర్థం చేసుకుని సిబ్బంది అత్యవసర నీటిని తగ్గించేశారు. ఇంధనంలో దాదాపు సగం కరిగింది. అయినా చుట్టూ ఉన్న కాంక్రీటు గోపురం నిలబడింది. అందుకే ఆ ప్రాంతంలోని ఇరవై లక్షల మందికి తగిలిన సగటు డోసు సుమారు 0.01 మిల్లీసీవర్ట్ దగ్గరే ఆగింది. 1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్‌లో ప్రమాదం జరిగినప్పుడు అలాంటి గోపురం లేదు. గ్రాఫైట్ అంటుకుని పది రోజులు మండింది. మీరు ఉండబోయే చోట కేంద్రం గురించి అడగాల్సిన ప్రశ్నలు ఇక్కడే దొరుకుతాయి: రియాక్టర్ చుట్టూ అలాంటి గోపురం, అంటే పూర్తి కంటెయిన్‌మెంట్ ఉందా, అత్యవసర జనరేటర్లు వరదకు అందని ఎత్తులో ఉన్నాయా, ఒత్తిడి తగ్గించాల్సి వస్తే వడపోత గుండా గాలి వదిలే ఏర్పాటు ఉందా. వీటికి నియంత్రణ సంస్థ దగ్గర రాతపూర్వకంగా జవాబు ఉండాలి.

ప్రమాదంలో బయటపడే పదార్థాలన్నీ ఒకలా ప్రవర్తించవు. జెనాన్, క్రిప్టాన్ ముందుగా వస్తాయి. శరీరంలో నిలవవు, రేడియోధార్మిక మేఘం దాటిపోగానే పోతాయి. ప్లుటోనియం, స్ట్రాన్షియం అంత తేలిగ్గా ఆవిరి కావు కాబట్టి చాలామటుకు కేంద్రం దగ్గర్లోనే పడతాయి. దూరం వెళ్లి జనాన్ని ఇబ్బంది పెట్టేవి అయోడిన్-131, సీజియం-134, సీజియం-137. అయోడిన్ అర్ధాయువు, అంటే ఉన్నది సగానికి తగ్గే కాలం, 8 రోజులు. సీజియం-134ది రెండేళ్లు, సీజియం-137ది 30 ఏళ్లు. అంటే మొదటి వారాల శత్రువు అయోడిన్, తర్వాత దశాబ్దాల పాటు వేధించేది సీజియం.

అయోడిన్ వచ్చే దారిని జాగ్రత్తగా చూడండి. మేఘం గడ్డి మీద వాలుతుంది. ఒక ఆవు రోజుకు ఎన్నో చదరపు మీటర్ల గడ్డి మేస్తుంది, అంతటి మీద పడిన అయోడిన్ ఒకే పొదుగులోకి చేరుతుంది. రెండు మూడు రోజుల్లో పాలలో పతాక స్థాయికి వస్తుంది. ఆ పాలు తాగిన పిల్లల థైరాయిడ్ గ్రంథి చిన్నది, ఆకలిగా అయోడిన్‌ను లాక్కుంటుంది, కాబట్టి అదే మోతాదుకు డోసు ఎన్నో రెట్లు. రేడియోధార్మికతను బెక్వెరల్‌లలో కొలుస్తారు, సెకనుకు ఒక పరమాణువు క్షీణిస్తే ఒక బెక్వెరల్. 1000 బెక్వెరల్‌ల అయోడిన్-131 లోపలికి పోతే పెద్దవాళ్లకు 0.022 మిల్లీసీవర్ట్, ఏడాది పాపకు 0.18. ఎనిమిది రెట్లు. చెర్నోబిల్ చుట్టూ అప్పటి పిల్లల్లో 2005 నాటికి ఆరు వేలకు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు బయటపడ్డాయి. అందులో పెద్ద భాగం ఈ పాల దారి వల్లే. పాలు ఆపి ఉంటే చాలావరకు తప్పేవి. 1957 అక్టోబరులో బ్రిటన్‌లోని విండ్‌స్కేల్‌లో అణు రియాక్టర్‌కు మంటలు అంటుకున్నప్పుడు సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పాలు పారబోయించారు. చెర్నోబిల్ తర్వాత పోలండ్ కోటిమందికి పైగా పిల్లలకు అయోడైడ్ (థైరాయిడ్‌ను కాపాడే అయోడిన్ మందు) ఇచ్చింది. పాప ఉన్న ఇంట్లో నేను మొట్టమొదట చెప్పే మాట ఇదే: ప్రమాదం అని వినగానే స్థానికంగా పితికిన పాలు, బయట పెరిగిన ఆకుకూరలు, మూతలేని బావి నీళ్లు, తొట్టెలో పట్టిన వాననీళ్లు ఆపేయండి. ఇంట్లో ముందే ఉన్న పాలపొడి, సీలు వేసిన నీళ్లు వాడండి. మరిగిస్తే రేడియోధార్మికత పోదు. నీళ్లు ఆవిరై మిగతాది చిక్కబడుతుంది.

ఇప్పుడు బిళ్లల సంగతి. పొటాషియం అయోడైడ్ చేసేదల్లా థైరాయిడ్‌ను మామూలు అయోడిన్‌తో ముందే నింపేయడం. సీజియానికి గానీ బయటి గామాకు గానీ ఇది రక్ష కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మోతాదులు: పన్నెండేళ్లు దాటినవాళ్లకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 130 మిల్లీగ్రాములు, 3 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 65, నెల నుంచి మూడేళ్ల వరకు 32, నెలలోపు పసిబిడ్డకు 16. మేఘం రావడానికి 24 గంటల ముందు నుంచి వచ్చాక 2 గంటల దాకా వేసుకుంటే ఫలితం బాగుంటుంది. 8 గంటల వరకు కొంత మేలు ఉంటుంది. 24 గంటలు దాటాక వేసుకుంటే అప్పటికే లోపలికి పోయిన రేడియోధార్మిక అయోడిన్ బయటికి రాకుండా అడ్డుపడి మేలుకన్నా కీడే చేయవచ్చు. అందుకే వార్త వినగానే మింగేయడం కాదు, అధికారులు చెప్పిన గంటకే వేసుకోవాలి.

మీ పాపకు 32 మిల్లీగ్రాములు ఇవ్వడం ఇలా: 130 మిల్లీగ్రాముల బిళ్లను గిన్నెలో గరిటె వెనుకతో మెత్తగా నూరండి. 4 టీస్పూన్ల (20 మిల్లీలీటర్ల) నీళ్లు పోసి కరిగే దాకా కలపండి. ఉప్పగా, చేదుగా ఉంటుంది కనక ఇంకో 4 టీస్పూన్ల పండ్ల రసమో, ముందే ఉన్న పాలపొడితో కలిపిన పాలో చేర్చండి. ఇప్పుడు ఒక్కో 5 మిల్లీలీటర్ల టీస్పూన్‌లో 16 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండేళ్ల పాపకు రెండు టీస్పూన్లు. వంటింటి చెంచాతో కొలవకండి, మందు సీసాతో వచ్చే కొలత మూతను వాడండి. కొంతమంది అయోడిన్ ఉప్పు తింటే చాలనుకుంటారు. 30 పీపీఎం, అంటే కిలోకు 30 మిల్లీగ్రాముల, అయోడిన్ ఉన్న ఉప్పు మూడు కిలోలకు పైగా తింటేనే ఒక బిళ్లలోని అయోడిన్ వస్తుంది, అంత ఉప్పు ప్రాణం తీస్తుంది. గాయాలకు రాసే టింక్చర్ అయోడిన్ అసలు తాగకూడదు. థైరాయిడ్ జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే అడిగి పెట్టుకోవాలి. నలభై దాటినవాళ్లకు ఈ బిళ్లతో మేలు తక్కువ. బిళ్లలు తక్కువ పడితే ముందు పిల్లలకు, గర్భిణికి.

గర్భిణి విషయం వేరే చెప్పాలి. కడుపులో బిడ్డ థైరాయిడ్ పది, పన్నెండు వారాల దగ్గర్నుంచి అయోడిన్ పట్టుకోవడం మొదలుపెడుతుంది, కాబట్టి తల్లి వేసుకున్న బిళ్ల బిడ్డకూ పనిచేస్తుంది. ఒక్క మోతాదు చాలు, పదే పదే వేసుకోకూడదు. పిండానికి తగిలిన డోసు 100 మిల్లీగ్రేల (ఇక్కడ 100 మిల్లీసీవర్ట్‌లకు దాదాపు సమానం) లోపు ఉంటే గర్భం తీయించుకోవడానికి వైద్య కారణం లేదన్నది అంతర్జాతీయ మార్గదర్శకం. ఇది తెలియక చెర్నోబిల్ తర్వాత ఎక్కడో దూరాన ఉన్న గ్రీస్‌లో కూడా భయంతో కోరుకున్న గర్భాలు తీయించుకున్నారు. సుమారు 2500 అని అప్పటి అంచనా. ఆ తల్లులకు తగిలిన డోసు ఒక మిల్లీసీవర్ట్ పరిధిలోనిది. ఈ మాట మీ ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

పారిపోవాలా అన్న ప్రశ్నకు దూరమే జవాబు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పద్ధతిలో పెద్ద రియాక్టర్ చుట్టూ 3 నుంచి 5 కిలోమీటర్లలోపు ఉన్నవాళ్లను వీలైతే విడుదలకు ముందే తరలిస్తారు. అక్కడి నుంచి 15 నుంచి 30 కిలోమీటర్ల దాకా మొదట ఇంట్లో ఉండమంటారు, కొలతల్ని బట్టి తర్వాత తరలిస్తారు. 8 కిలోమీటర్ల ఇల్లు ఈ రెండో వలయంలోది. తొందరపడి బయల్దేరితే రోడ్డు మీద వాహనాల వరుసలో, పలుచటి కారు రేకు వెనక, సరిగ్గా మేఘం కింద ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఫుకుషిమాలో రేడియేషన్ జబ్బుతో అప్పటికప్పుడు చనిపోయినవాళ్లు లేరు. కానీ ఆసుపత్రుల నుంచి, వృద్ధాశ్రమాల నుంచి హడావిడిగా తరలించడంలో యాభై మందికి పైగా రోగులు ప్రాణాలు కోల్పోయారు. ఆ జిల్లాలో విపత్తు అనంతర కష్టాల వల్ల పోయినవాళ్లు తర్వాతి ఏళ్లలో రెండు వేలు దాటారు. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లుంటే ఈ లెక్క ఇంకా ముఖ్యం.

ఇంట్లో ఉండటమంటే ఇలా. ఇటుక ఇల్లు మేఘం నుంచి వచ్చే గామాను సుమారు 60 శాతానికి తగ్గిస్తుంది, పెద్ద కాంక్రీటు భవనం మధ్య గది 20 శాతానికి. నేల మీద పడిన ధూళి నుంచి వచ్చేదాన్ని ఇటుక గోడలు ఐదోవంతుకు తెస్తాయి. కాబట్టి బయటి గోడలకు, పైకప్పుకు దూరంగా ఉన్న గది ఎంచుకోండి. కిటికీలు, తలుపులు మూసి సందుల్లో తడిగుడ్డ దోపండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, బయటి గాలి లాక్కునే ఏసీలు ఆపేయండి. లోపలి గాలినే తిప్పే ఏసీ నడిచినా పర్వాలేదు. ఒక తప్పు తరచూ జరుగుతుంది: మేఘం పోయాక కూడా తలుపులు మూసే ఉంచుతారు. కొన్ని గంటల్లో లోపలి గాలీ బయటి గాలీ సమానమవుతాయి, మేఘం దాటాక లోపలే మురికి గాలి మిగులుతుంది. అధికారులు మేఘం దాటిందని చెప్పగానే అన్నీ బార్లా తెరవాలి. ఇలా ఇంట్లో ఉండటం రెండు రోజులకు మించితే పనిచేయదు, ఆ తర్వాత తరలింపే దారి.

బయట చిక్కుకుని ఇంటికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే పైబట్టలు విప్పాలి. ధూళిలో పది పాళ్లలో తొమ్మిది దాకా బట్టలతోనే పోతుంది. చొక్కాను తల మీదుగా లాగకండి, ధూళంతా ముఖం మీద పడుతుంది. గుండీలు విప్పండి, లేదా ముందు భాగం నిలువుగా కత్తిరించండి. బట్టను లోపలి వైపుకు చుట్టుకుంటూ సంచిలో వేసి ముడి వేసి ఇంట్లో మనుషులు మసలని మూల పెట్టండి. తర్వాత గోరువెచ్చటి నీళ్లతో, సబ్బుతో, తల నుంచి కిందికి స్నానం చేయాలి. గట్టిగా రుద్దితే చర్మం గీరుకుని లోపలికి దారి ఇస్తుంది. షాంపూ వాడొచ్చు, కండిషనర్ వద్దు. అది ధూళిని వెంట్రుకలకు అతికిస్తుంది. ముక్కు చీది, కనురెప్పలు, చెవులు తడిగుడ్డతో తుడవండి.

వారాలు గడిచాక పాల బెడద తగ్గుతుంది. 80 రోజులకు అయోడిన్-131 పది అర్ధాయువులు పూర్తి చేసుకుని వెయ్యో వంతుకు పడిపోతుంది. అందుకే కలుషిత పాలను పొడిగానో చీజ్‌గానో మార్చి నిల్వ పెట్టడం ఒక పద్ధతి. సీజియం మాత్రం నేల పైపొరలో, మొదటి 5 సెంటీమీటర్లలోనే బంకమట్టికి అంటుకుని ఉండిపోతుంది. ఫుకుషిమాలో పొలాల పైమట్టి అంత మందాన గీకేయడానికి కారణం అదే. అడవి పుట్టగొడుగులు, అడవి పందులు దశాబ్దాల తర్వాత కూడా సీజియం మోస్తూంటాయి. డోసు ఎంతో మీరే లెక్కేసుకోవచ్చు: లీటరుకు 100 బెక్వెరల్‌ల సీజియం-137 ఉన్న పాలు రోజూ ఒక లీటరు చొప్పున ఏడాదంతా తాగితే 36,500 బెక్వెరల్‌లు, పెద్దవాళ్లకు ఒక బెక్వెరల్‌కు 0.000013 మిల్లీసీవర్ట్ లెక్కన సుమారు 0.47 మిల్లీసీవర్ట్. 1 మిల్లీసీవర్ట్ పరిమితిలో దాదాపు సగం. తాగమని కాదు, అంకె ఎంత పెద్దదో చిన్నదో తెలియాలని.

ఇక కౌంటర్. కొనండి, కానీ ప్రమాదం రోజున కాదు, ఇవాళే. సహజ స్థాయి చాలాచోట్ల గంటకు 0.05 నుంచి 0.2 మైక్రోసీవర్ట్‌ల మధ్య ఉంటుంది (మైక్రోసీవర్ట్ అంటే మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు). నేలకు ఒక మీటరు ఎత్తున, ఒకే చోట, పది నిమిషాల సగటు తీసి నెల పాటు రాసిపెట్టండి. ఒక్క నిమిషపు అంకె చూసి ఏమీ తేల్చకూడదు, ఎందుకంటే కౌంటర్ పాచికలు వేసినట్టు ఎగిరిపడుతూ ఉంటుంది. వాన పడినప్పుడు అంకె పెరగడం చూసి చాలామంది బెదిరిపోతారు. గాలిలోని రేడాన్ క్షీణించి పుట్టే పదార్థాలు, సీసం-214, బిస్మత్-214, వానతో కిందికి దిగుతాయి. వాటి అర్ధాయువు అరగంట లోపే, వాన ఆగిన రెండు మూడు గంటల్లో అంకె దిగిపోతుంది. దిగకపోతేనే అనుమానించండి. చవక కౌంటర్‌కు గాజు గొట్టం ఉంటుంది, ఆల్ఫా కణాలు దానికి కనిపించవు. బాగా ఎక్కువ రేడియేషన్‌లో కొన్ని గొట్టాలు ఉక్కిరిబిక్కిరై తక్కువ చూపిస్తాయి. పాలలో, కూరల్లో ఉన్న కొద్దిపాటి అయోడిన్‌ను అది పట్టలేదు, దానికి ల్యాబ్ గామా స్పెక్ట్రోమీటర్ కావాలి. పరికరాన్ని పలుచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి వాడండి. ధూళి అంటుకుంటే అది ఎక్కడికి తీసుకెళ్లినా ఎక్కువే చూపిస్తుంది. అణుబాంబు ధూళికి చెప్పే, ఏడు గంటలకు పదోవంతుకు పడిపోయే లెక్క రియాక్టర్ ప్రమాదానికి పనికిరాదు, రియాక్టర్ ఇంధనంలో దీర్ఘకాలపు పదార్థాలు పేరుకుని ఉంటాయి.

నోట్‌బుక్ అట్ట మీద మూడు అంకెలు రాసిపెట్టుకోండి, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాడేవి ఇవి. నేలకు మీటరు ఎత్తున, మీ సహజ స్థాయిని మించి గంటకు 1 మైక్రోసీవర్ట్ నిలకడగా కనిపిస్తే అక్కడి పాలు, ఆకుకూరలు, వాననీళ్లు పరీక్ష అయ్యే దాకా ఆపేయాలి. 100 దాటితే కొద్ది రోజుల్లో ఆ చోటు వదలాలి. 1000 దాటితే ఏమీ సర్దుకోకుండా, వెంటనే.